తినబుద్ధిలో ఉన్న బుద్ధే ‘గానాస్’

మాకు రాత్రి ఎనిమిదైతే గ్వాదలహారాలో పొద్దున్న ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో నా రోజు ముగిసే వేళకు మెక్సికోలో మా టీమ్ వాళ్ల రోజు మొదలవుతుంది. ఆ రెండూ కలిసే గంటలో రోజూ ఒక కాల్ ఉంటుంది. నేను స్పానిష్ నేర్చుకుంటున్నానని తెలిసి అక్కడి సహోద్యోగి ఒకాయన, మీటింగ్ మొదలయ్యే ముందు నాతో రెండు ముక్కలు స్పానిష్‌లోనే మాట్లాడేవాడు. ఒకరోజు ‘యా సెనాస్తె?’ అన్నాడు. రాత్రి భోజనం అయిందా అని. ఆ రోజు ఎండదెబ్బకి నాకేమీ తినబుద్ధి కాలేదు. కిందటి వారమే ఎక్కడో చూసి రాసిపెట్టుకున్న మాట ఉంది కదా, వాడేద్దామని హుషారుగా ‘నో మె దా లా గానా’ అన్నాను.

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత పగలబడి నవ్వాడు.

నేను చెప్పాననుకున్నది ‘ఏంటో, తినబుద్ధి కాలేదు’ అని. ఆయనకు వినబడింది ‘తినను. నా ఇష్టం. నీకెందుకు?’ అని. నేను అనాల్సింది ‘నో తెంగో గానాస్’. రెండు వాక్యాల్లోనూ ఉన్నది ఒకటే నామవాచకం. ఒకచోట ఏకవచనం, ముందు ఒక ‘లా’. ఇంకోచోట బహువచనం, ముందు ఏమీ లేదు. అంత చిన్న తేడాకి మర్యాద మొత్తం తలకిందులైంది.

ఆ దెబ్బతో ఈ మాట వెంట పడ్డాను. స్పానిష్ వాళ్ల నోట్లో రోజుకి పదిసార్లు తిరిగే మాట ఇది. పలకడం మనకి తేలికే. ‘గానాస్’లో బలం మొదటి అక్షరం మీద. రెండో అక్షరంలో ‘ఆ’ గుణం ఉంటుంది కానీ అంత సాగదు. అన్నట్టు స్పానిష్‌లో త, ద ధ్వనులు మన తాత, దాదాపు అన్న మాటల్లోవే. ఇంగ్లిష్ అలవాటుతో ‘టెంగో’ అనకుండా ‘తెంగో’ అంటే చాలు, అక్కడివాళ్లకి సగం దూరం తగ్గినట్టే.

నిఘంటువు తెరిస్తే గానా అంటే కోరిక, ఇచ్ఛ అని ఉంటుంది. అక్కడే తప్పుదారి పడతాం. కోరిక పెద్ద మాట. ఇల్లు కట్టాలన్నది కోరిక, కాశీకి వెళ్లాలన్నది కోరిక. అది ఏళ్ల తరబడి మనసులో ఉంటుంది. గానాస్ ఈ పూటది. ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చున్న నా ఒంటికీ మనసుకీ కలిపి ఏం చేయాలని ఉందో అది. పెద్ద కోరికలకీ వాడతారు, కాదని కాదు. కానీ దాని సొంత ఊరు మాత్రం ఈ చిన్న చిన్న ‘ఉంది’, ‘లేదు’ల దగ్గరే.

దీనికి ఇంగ్లిష్‌లో సరిపోయే నామవాచకం లేదు. ‘ఫీల్ లైక్’ అని ఒక క్రియని తెచ్చి సర్దుతారు. మనలో చాలామంది స్పానిష్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటాం, పుస్తకాలూ యాప్‌లూ అలాగే ఉన్నాయి కాబట్టి. అమెరికాలో హైస్కూల్లో స్పానిష్ తీసుకునే మన పిల్లల పరిస్థితీ అదే. గానాస్ దగ్గర మాత్రం ఆ వంతెన ఎక్కడం అనవసరం. తెలుగులో నేరుగా దారి ఉంది.

బుద్ధి అన్న మాటనే చూడండి. ‘తినబుద్ధి కావట్లేదు’, ‘లేవబుద్ధి కావట్లేదు’, ‘వాడితో మాట్లాడబుద్ధేయలేదు’ అంటాం. ఇందులో తెలివితేటలకీ బుద్ధికీ సంబంధం లేదు. క్రియకి తగిలించగానే అది ఒక మొగ్గు అయిపోతుంది. ఒంట్లోంచో మనసులోంచో వచ్చే ఒక ఊపు. ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో చెప్పక్కర్లేదు. ‘ఎందుకు తినబుద్ధి కాలేదు?’ అని అడిగితే ‘ఏమో’ అంటాం. స్పానిష్‌లో ‘నో తెంగో గానాస్’ అన్నవాణ్ని ఎందుకని అడిగినా వచ్చేది అదే భుజాల ఎగరేత.

ఇక వాక్యం కట్టే తీరు. ‘తెంగో గానాస్ దె కొమేర్’. తెంగో అంటే నాకు ఉంది, దె అంటే యొక్క, కొమేర్ అంటే తినడం. మొత్తం కలిపితే ‘తినాలని ఉంది’. తెంగోకి ‘కలిగి ఉన్నాను’ అని అర్థం రాసుకునేవాళ్లున్నారు. వద్దు. అలా మాట్లాడే తెలుగువాడు లేడు. ‘నాకు ఉంది’ అనుకుంటే స్పానిష్‌లో సగం వాక్యాలు వాటంతటవే కుదురుతాయి. ఆకలి, నిద్ర, భయం అన్నీ వాళ్లకి ‘ఉండేవే’. తెంగో ఆంబ్రె అంటే ఆకలిగా ఉంది, తెంగో స్వేన్యో అంటే నిద్రొస్తోంది, తెంగో మియేదో అంటే భయంగా ఉంది. ఇంగ్లిష్‌లోలాగా మనిషే ఆకలైపోడు.

గానాస్ తర్వాత క్రియే రావాలని లేదు, వస్తువు కూడా రావచ్చు. ‘తెంగో గానాస్ దె ఊన్ కఫే’ అంటే కాఫీ తాగాలని ఉంది. మరీ ఎక్కువగా ఉంటే ‘మూచాస్ గానాస్’. ఇక్కడ కొత్తవాళ్లు ‘చాలా’ అన్న అర్థంలో ‘మూయ్’ పెడతారు. అది విశేషణాల ముందు వాడే మాట. గానాస్ నామవాచకం కాబట్టి, అందులోనూ స్త్రీలింగ బహువచనం కాబట్టి మూచాస్. ఉత్తరాల చివర ‘మిమ్మల్ని కలవడానికి ఎదురుచూస్తున్నాను’ అని మనం రాసేచోట వాళ్లు ‘తెంగో మూచాస్ గానాస్ దె కొనొసేర్తె’ అని రాస్తారు. నిన్ను కలవాలని ఎంతగానో ఉంది అని. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఊరికే ‘కె గానాస్!’ అని నిట్టూరిస్తే, దేని గురించో అందరికీ తెలుసు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. తెలుగులో ‘ఏడవాలని ఉంది’ వేరు, ‘ఏడవాలనిపిస్తోంది’ వేరు. మొదటిది స్థితి, రెండోది ఇప్పుడే పుట్టుకొచ్చినది. దాని వెనక ఏదో కారణం తగిలింది. ‘నీ మాటలు వింటుంటే ఏడవాలనిపిస్తోంది’ అంటాం. స్పానిష్‌లో కూడా సరిగ్గా ఈ రెండు గదులున్నాయి. స్థితికి ‘తెంగో గానాస్’. పుట్టుకొచ్చినదానికి ‘మె దాన్ గానాస్’, అంటే అక్షరాలా నాకు గానాస్ ఇస్తున్నాయి. ‘మె దాన్ గానాస్ దె యొరార్’ అంటే ఏడవాలనిపిస్తోంది. ఉన్నట్టుండి వస్తే ‘మె ఎంత్రారోన్ గానాస్’, నాలోకి దూరాయి అని. మీటింగ్‌లో అనుకోకుండా నవ్వు తన్నుకొచ్చినప్పుడు వాడే మాట ఇది. మన ‘బుద్ధి పుట్టింది’ ఇక్కడికి చక్కగా సరిపోతుంది. ‘ఇవాళెందుకో పాత ఫొటోలు చూడబుద్ధి పుట్టింది.’

వ్యాకరణంలో చాలామందికి టెన్షన్ పెట్టే భాగం ఒకటుంది. చేయాలన్న మనసు ఒకరిది, చేసేది ఇంకొకరు అయినప్పుడు స్పానిష్‌లో క్రియ రూపం మారిపోతుంది. నేనే వెళ్లాలంటే ‘తెంగో గానాస్ దె ఈర్’. నువ్వు రావాలని నాకు ఉంటే ‘తెంగో గానాస్ దె కె బెంగాస్’. ఈ బెంగాస్ అన్నది జరిగినదాన్నో జరుగుతున్నదాన్నో చెప్పే రూపం కాదు. జరగాలనుకునేదాన్ని చెప్పే రూపం. ఇంగ్లిష్‌లో ఈ రూపం దాదాపుగా అరిగిపోయింది కాబట్టి అమెరికన్ పిల్లలు దీని దగ్గర తంటాలు పడతారు. మనకి ‘రావాలి’ ఉంది. ‘వస్తావు’ వేరు, ‘రావాలి’ వేరు అని మనకెవరూ నేర్పలేదు, పుట్టుకతో తెలుసు. కాకపోతే తెలుగు రెండు చోట్లా ఒకే ‘ఆలి’తో నడిపేస్తుంది: ‘నాకు రావాలని ఉంది’, ‘నువ్వు రావాలని ఉంది నాకు’. స్పానిష్ మాత్రం మొదటిదానికి మామూలు క్రియని, రెండోదానికి బెంగాస్‌ని పెడుతుంది. తెలుగులో ‘ఆలి’ అనిపించిన చోట, చేసేవాడు మారాడా లేదా అని ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఇప్పుడు నా పరువు తీసిన వాక్యానికి వద్దాం.

‘దార్లె లా గానా’ అన్న పదబంధంలో గానా ఎప్పుడూ ఏకవచనమే, ముందు ‘లా’ తప్పదు. ఇది మొగ్గు గురించి కాదు, పెత్తనం గురించి. ‘పోర్కె మె దా లా గానా’ అంటే ‘ఎందుకంటే నా ఇష్టం గనక’. ఎవరైనా కారణం అడిగినప్పుడు తలుపు మొహం మీద వేసేసే జవాబు. ‘ఆసె లో కె లె దా లా గానా’ అంటే వాడిష్టమొచ్చినట్టు చేస్తాడు. ‘నో మె దా లా గానా’ అంటే చేయను గాక చేయను. స్నేహితుల మధ్య సరదాగా చెల్లుతుంది. తల్లితోనో బాస్‌తోనో అంటే గొడవే. దీన్ని ఇంకా ఘాటుగా చేయాలంటే మధ్యలో ‘రెయాల్’ పెడతారు: ‘మె దా లా రెయాల్ గానా’. రెయాల్ అంటే రాజుకి సంబంధించినది. నా రాజావారి చిత్తం అన్నట్టు. మనం ‘వాడిది ఇష్టారాజ్యం అయిపోయింది’ అంటాం కదా. ఎక్కడో సముద్రాల అవతలి భాషకీ మనకీ ఈ విషయంలో ఒకరి నుంచి ఒకరికి అప్పు ఏమీ లేదు. అయినా ఎవడి మాటా వినని మనిషిని చూసినప్పుడు ఇద్దరికీ రాజే గుర్తొచ్చాడు. రాజుల మీద జనాలకున్న అభిప్రాయం ఎక్కడైనా ఒకటేలా ఉంది.

మెక్సికోలో ఇదే మాటకి ‘సె’ చేర్చి ‘సె మె దా లా గానా’ అనడం ఎక్కువ. అర్థం అదే, దురుసుదనం కూడా అంతే.

ఏకవచనం కనబడిందల్లా తిట్టే అనుకోకండి. ‘దె బ్వేనా గానా’ అంటే ఇష్టంగా, మనస్ఫూర్తిగా. ‘దె మాలా గానా’ అంటే ఇష్టం లేకుండా. ఈ రెండోదానికి తెలుగులో అయిష్టంగా అని రాయొచ్చు కానీ, మా ఇంట్లో వాడే మాట ‘ముక్కుతూ మూలుగుతూ’. పిల్లాణ్ని కొట్టుకి పంపిస్తే చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్తాడు చూడండి, అది దె మాలా గానా.

‘కోన్ గానాస్’ అంటే గానాస్‌తో. తినడం, పని చేయడం, పాడటం, ఏదైనా మనసుపెట్టి చేస్తే కోన్ గానాస్. వాన కూడా కోన్ గానాస్ కురుస్తుంది. ‘య్వేబె కోన్ గానాస్’ అంటే వాన కుమ్మేస్తోంది. వానకి మనసేమిటి అంటే, కుమ్మడానికి చేతులు మాత్రం ఎక్కడున్నాయి? ఒక మనిషిని ‘ఫేయో కోన్ గానాస్’ అన్నారంటే మరీ పట్టుబట్టి అందవికారంగా ఉన్నాడని. వెటకారమే, ముఖం మీద అనకండి. ఉద్యోగ ప్రకటనల్లో ‘హేంతె కోన్ గానాస్ దె త్రబహార్’ అని ఉంటుంది, పని చేయాలనే ఉత్సాహం ఉన్నవాళ్లు కావాలి అని. జీతం సంగతి అంత వివరంగా ఉండదు.

మన ‘కావాలని’ లాంటి వాడుక కూడా ఒకటుంది. ‘కావాలని ఏడిపిస్తున్నాడు’ అంటే పనిగట్టుకుని చేస్తున్నాడని కదా. కావాలి అన్న మాటలోంచే ఆ అర్థం వచ్చింది. స్పానిష్‌లో ‘సోన్ గానాస్ దె మొలెస్తార్’ అంటారు. అక్షరాలా ‘ఇవి విసిగించాలనే గానాస్’. కారణం ఏమీ లేదు, విసిగించాలని విసిగిస్తున్నాడు, అంతే. అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో ఆదివారం పొద్దున్నే గోడకి డ్రిల్లింగ్ పెట్టేవాడికి ఈ వాక్యం రాసిపెట్టుంది.

తిండి దగ్గరికి వస్తే గానా ఇంకాస్త చిక్కబడుతుంది. స్పెయిన్‌లో కొన్ని ప్రాంతాల్లో ‘నో తెంగో గానా’ అని ఏకవచనంలో అంటే ఆకలి లేదనే అర్థం. ఇక్కడ ‘లా’ లేదు, ‘దా’ లేదు కాబట్టి దురుసు కూడా లేదు. ‘దెస్గానా’ అన్న మాట ఉంది, అది గానా లేకపోవడం. జ్వరం తగ్గాక నోటికి ఏదీ సహించదే, అది దెస్గానా. ఏ పని మీదా మనసు నిలవక ఈసురోమని ఉండటమూ దెస్గానాయే.

కానీ ఆకలీ, తినబుద్ధీ ఒకటి కావు. వాళ్ల సామెత ఒకటి దీన్ని ముచ్చటగా చెబుతుంది: ‘సె హుంతో ఎల్ ఆంబ్రె కోన్ లాస్ గానాస్ దె కొమేర్’. ఆకలీ, తినాలన్న మనసూ జతకలిశాయి అని. మొదటిసారి విన్నప్పుడు ఇందులో విశేషమేముంది, రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి కదా అనుకున్నాను. ఉండవని ఎండదెబ్బ తగిలిన రోజు తెలిసింది. కడుపు ఆకలిగానే ఉంది, తినబుద్ధి కావడం లేదు. పెళ్లి భోజనంలో దీనికి తిరగేసి జరుగుతుంది. కడుపు నిండిపోయింది, అయినా పూర్ణం బూరె చూస్తే చెయ్యి ఆగదు. ఈ సామెతని ఒకే లోపం ఉన్న ఇద్దరు తోడైనప్పుడు వాడతారు. ఒకడు బద్ధకస్తుడు, వాడికి దొరికిన భాగస్వామి ఇంకా బద్ధకస్తుడు. మనమైతే గంతకు తగ్గ బొంత అంటాం.

బద్ధకం అన్నాను కాబట్టి, అన్నిటికీ గానాస్ లేవనడం కూడా సరికాదు. బద్ధకంగా ఉంటే ‘మె దా పెరేసా’ అంటారు. ఇష్టం లేకపోవడం వేరు, ఇష్టం ఉండి ఒళ్లు కదలకపోవడం వేరు. ఫలానాది తినాలని నోరూరితే ‘అంతోహో’ అన్న మాట ఉంది. కడుపుతో ఉన్నవాళ్ల కోరికలకీ అదే. మెక్సికోలో వీధిబండి మీద అమ్మే చిరుతిళ్లని అంతోహీతోస్ అంటారు, బుల్లి నోరూరింపులు అన్నట్టు. చిత్రమేమిటంటే స్పానిష్‌లో పుట్టుమచ్చకి కూడా అంతోహో అనే పేరుంది. తల్లికి తీరని కోరిక బిడ్డ ఒంటి మీద మచ్చై తేలుతుందని పూర్వం నమ్మేవాళ్లు.

దేశాన్ని బట్టి కూడా మాట మారుతుంది. స్పెయిన్‌లో ‘మె అపెతేథె’, మెక్సికోలో ‘సె మె అంతోహా’. కొలంబియాలో ‘తె ప్రొబోకా ఊన్ తింతో?’ అని అడిగితే కంగారుపడకండి. ఎవరూ మిమ్మల్ని రెచ్చగొట్టడం లేదు, బ్లాక్ కాఫీ తాగబుద్ధేస్తోందా అంటున్నారు. స్పెయిన్‌లో తింతో అంటే ఎర్ర వైన్, అది ఇంకో చిక్కు. వీటన్నిటిలోనూ మొదట వచ్చే ‘మె’, ‘తె’ మన ‘నాకు’, ‘నీకు’లే. ‘మె గూస్తా’ అంటే నాకు నచ్చింది. ఇష్టపడేవాణ్ని కర్తగా కాక ‘కు’ విభక్తిలో కూర్చోబెట్టడం మనకి అలవాటే కాబట్టి ఇక్కడ కూడా ఇంగ్లిష్ మీదుగా పోనక్కర్లేదు. 20కి పైగా దేశాల్లో, సుమారు 50 కోట్లమంది మాతృభాషగా మాట్లాడే భాషలో ఈ ఊరి మాట ఆ ఊళ్లో చెల్లకపోవడం మామూలే. గానాస్ మాత్రం అన్ని ఊళ్లలోనూ చెల్లుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు ముందు దీన్నే పట్టుకోవడం మంచిదనడానికి అదొక్కటే చాలు.

మెక్సికోలో ఈ మాట ఇంకో మెట్టెక్కి ‘ఏచలె గానాస్!’ అయింది. ఏచలె అంటే పొయ్యి, వెయ్యి. కూరలో ఉప్పు వేసినట్టు పనిలో గానాస్ వెయ్యమని. మన ‘మనసు పెట్టు’. పరీక్షకి వెళ్లే కూతురితో తల్లి అంటుంది, కొత్త ఉద్యోగంలో చేరే కుర్రాడితో బాబాయ్ అంటాడు. ఈ మాటని అమెరికా దాకా వినిపించినవాడు జైమె ఎస్కలాంతె. బొలీవియాలోని లా పాస్‌లో పుట్టిన లెక్కల మాస్టారు. 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్లో చేరాడు. అక్కడ చదివేది ఎక్కువగా మెక్సికన్ మూలాలున్న పేద కుటుంబాల పిల్లలు. వాళ్లు పెద్ద లెక్కలు చేయలేరని అందరూ వదిలేసిన చోట ఆయన కాలిక్యులస్ మొదలుపెట్టాడు. పిల్లల నుంచి అడిగింది ఒక్కటే, గానాస్. 1982లో 18 మంది ఏపీ కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష. జవాబుల్లో ఒకేలాంటి తప్పులున్నాయని పరీక్ష నిర్వాహకులు 14 మందిని అనుమానించారు. వాళ్లలో 12 మంది మళ్లీ కూర్చుని రాశారు, 12 మందీ పాసయ్యారు. 1988లో దీని మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. ఆయన 2010లో పోయాక, 2016లో అమెరికా తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

గొప్ప కథే. అయినా ‘ఏచలె గానాస్’ వినగానే నాకు కొంచెం ఒళ్లు మండుతుంది. ఎస్కలాంతె గానాస్ అడిగి ఊరుకోలేదు, పొద్దున్నే బడికి వచ్చి, సాయంత్రాలూ సెలవులూ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ భాగం వదిలేసి మాట ఒక్కటే మిగిలితే అది ఉచిత సలహా. డిప్రెషన్‌తో మంచం దిగలేని మనిషితో ‘ఏచలె గానాస్’ అనడం మీద మెక్సికన్లే విసుక్కుంటారు. ఆ మనిషికి లేనిదే గానాస్. లేనిదాన్ని వెయ్యమంటే ఎక్కడి నుంచి తెచ్చి వేస్తాడు? మన దగ్గరా అంతే, ‘కాస్త మనసు పెట్టు’ అనేవాళ్లు మనసు ఎక్కడికి పోయిందని అడగరు.

మూలం సంగతి రెండు ముక్కల్లో. గానా గోతిక్ మాట నుంచి వచ్చి ఉండొచ్చని కొందరు పండితుల ఊహ. రోమన్ల తర్వాత స్పెయిన్‌ని ఏలిన విసిగోత్‌ల భాష అది. అందరూ ఒప్పుకున్నది కాదు. గెలవడం, సంపాదించడం అనే అర్థాలున్న ‘గనార్’ క్రియకీ దీనికీ చుట్టరికం ఉందంటారు. గనార్ నుంచి పుట్టిన ‘గనాదో’ మాత్రం చూడముచ్చటైనది. సంపాదించినది అన్న అర్థం నుంచి వచ్చి ఇప్పుడు పశువులు అన్న అర్థంలో స్థిరపడింది. మన పల్లెల్లో కొన్నిచోట్ల పశువులని సొమ్ములు అంటారు, గుర్తుందా?

ఈ గనార్ వల్ల ఒక చిక్కుంది. ‘తూ గానాస్’ అంటే నువ్వు గెలుస్తావు. ‘క్వాంతో గానాస్?’ అంటే ఎంత సంపాదిస్తున్నావు. అక్షరం తేడా లేకుండా మన గానాసే, కానీ ఇది క్రియ. ముందు ‘తెంగో’, ‘మె దాన్’, ‘కోన్’ లాంటివి ఉంటే నామవాచకం, లేకపోతే గెలుపో సంపాదనో. జీతం అడిగితే కోరిక గురించి చెప్పకండి.

చివరగా ఒక ప్రమాదం. ‘దె’ బదులు ‘ఆ’ పెట్టి, గానాస్‌ని మనిషి మీదికి తిప్పితే అర్థం పూర్తిగా మారిపోతుంది. ‘ఆ’తో చెప్పే ఆ మనిషినే ‘లె’గా ముందుకి తెచ్చి ‘లె తెంగో గానాస్’ అంటే ఒక పక్క వాడి మీద కసిగా ఉంది, దొరికితే చూస్తా అని. ఇంకో పక్క ఆ మనిషి మీద ఒంటి కోరిక ఉందని. ‘నిన్ను చూడాలని ఉంది’ అనడానికి ‘తెంగో గానాస్ దె బేర్తె’ అనాలి. తొందరలో మధ్యలోని ‘చూడటం’ ఎగరగొట్టి ‘తె తెంగో గానాస్’ అంటే, అవతలివాళ్లు కొట్లాటకైనా సిద్ధపడాలి, సిగ్గైనా పడాలి. నేను ఆఫీసు కాల్‌లో చేసింది ఈ తప్పు కానందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

అదే సహోద్యోగితో మొన్న మళ్లీ కాల్. స్క్రీన్ మీద ఏవో అంకెలు చూపిస్తున్నాడు. వెనక తలుపు తోసుకుని నాలుగేళ్ల కూతురు వచ్చింది, కాళ్లు ముడేసుకుని ఎగురుతోంది. ‘పాపా (నాన్నా), తెంగో గానాస్ దె...’ అంది. వాక్యం పూర్తయ్యేలోపే ఆయన కెమెరా ఆపి పరుగెత్తాడు. మిగతా టీమ్‌కి అర్థం కాలేదు, నెట్ పోయిందనుకున్నారు. నేను నవ్వుకుంటూ కూర్చున్నాను. మా ఇంట్లోనూ చిన్నవాడు ‘అమ్మా, వస్తోంది’ అని అరిస్తే, ఏం వస్తోందని ఎవరూ అడగరు.